ఎడమ చేతి పాట



వచ్చే ఆదివారం దివ్యపూజాబలికి వెళ్ళినప్పుడు ఒక్కసారి గాన బృందం వైపు చూడండి. కీబోర్డు వాయించే అబ్బాయి కుడి చేయి పాట వెంట పరుగెడుతూ ఉంటుంది. ఎడమ చేయి ఏమి చేస్తున్నదో గమనించారా? చాలా విచారణలలో అది రెండు మూడు మెట్లను నొక్కి పట్టుకొని ఊరకే కూర్చొని ఉంటుంది. తాళం, తోడు స్వరాలు అన్నీ యంత్రమే చూసుకుంటుంది. నర్సీపట్నంలో మా గాన బృందం అబ్బాయిని ఒకరోజు సాధనలో అడిగాను: "ఏరా, ఎడమ చేతికి పని లేదా?" అని. "దానికి స్టైల్ పెట్టేశాను మాస్టారూ" అన్నాడు నవ్వుతూ.

వాడి తప్పు కాదు. మనకు ఆ అలవాటు హార్మోనియం నుండి వచ్చింది. హార్మోనియంలో ఎడమ చేయి తిత్తి కొట్టాలి. పాటకు మిగిలేది కుడి చేయి ఒక్కటే. కనుక తరతరాలుగా మన చెవి ఒక్క వరుసనే పాటగా వినడం నేర్చుకున్నది. మన సంగీతం గొప్పతనం కూడా ఆ ఒక్క వరుసలోనే ఉన్నది. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడం, ఊగడం, అదే గమకం. మెట్లున్న వాద్యంలో గమకం పలకదు. ఆ కారణం కూడా చూపి ఆకాశవాణి 1940లో హార్మోనియంను పక్కన పెట్టి 1971 దాకా లోపలికి రానివ్వలేదు. అదే పరదేశపు వాద్యమైన వయొలిన్‌కు ఆ అడ్డు లేదు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది తెలుగు వాద్యమే అయిపోయింది. పియానో మాత్రం మన ఇండ్లకు రాలేదు.

మరి అటువంటి మనము, పియానో మీద వాయించిన మూడు వందల ఏండ్లనాటి జర్మనీ సంగీతాన్ని ఎందుకు వినాలి? ఈ వారం పాఠం అదే. ఎడమ చేతికి కూడా పాట ఉంటుందని ప్రపంచానికి వినిపించిన ఒక మనిషిని గురించి, ఆయన ఒకే సంగీతాన్ని ఇరవై ఆరేళ్ళ తేడాతో రెండుసార్లు రికార్డు చేసిన సంగతిని గురించి చెప్పుకుందాం. ఆ మనిషి కెనడా దేశస్థుడు గ్లెన్ గూల్డ్. ఆ సంగీతం యోహాన్ సెబాస్టియన్ బాక్ రచన.

బాక్ ఎవరు?

బాక్ 1685లో జర్మనీలోని ఐసెనాక్‌లో పుట్టాడు. పదేళ్ళు నిండేసరికి తల్లి, తండ్రి ఇద్దరూ పోయారు. అన్న ఇంట్లో పెరిగాడు. తరువాత జీవితమంతా దేవాలయాలలోను, రాజుల కొలువుల్లోను సంగీత ఉద్యోగమే. ఇరువురు భార్యల వల్ల ఇరవైమంది పిల్లలు పుడితే పెద్దవారైనది పదిమందే. 1750లో లైప్‌జిగ్ పట్టణంలో కన్నుమూశాడు. ఆయన లూథరన్ సంఘానికి చెందినవాడు. అయినా 1733లో కతోలికుడైన సాక్సనీ పాలకునికి పూజాబలి లత్తీను పాఠంలోని 'కీరియె', 'గ్లోరియా' భాగాలకు సంగీతం కట్టి సమర్పించాడు. చివరి రోజుల్లో దాన్ని విస్తరించి పూర్తి పూజాబలి సంగీతంగా ముగించాడు. దేవాలయ గీతాలు రాసినప్పుడు కాగితం చివర 'దేవునికి మాత్రమే మహిమ' అనే అర్థమిచ్చే లత్తీను మాటల తొలి అక్షరాలు మూడు రాసేవాడు. తన పేరు కింద తానే గీసుకున్న గీత వంటిది అది.

1741లో ఆయన అచ్చు వేయించిన ఒక పుస్తకాన్ని ఇప్పుడు లోకమంతా 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్' అంటున్నది. నిద్ర పట్టని ఒక ప్రభువు కోసం, ఆయన కొలువులోని గోల్డ్‌బెర్గ్ అనే కుర్రవాడు రాత్రివేళ వాయించడానికి బాక్ దీన్ని రాశాడని ఒక కథ ఉంది. 1802లో వచ్చిన బాక్ జీవిత చరిత్ర ఈ కథను ప్రచారంలోకి తెచ్చింది. కాని అచ్చుపుస్తకం మీద ఆ ప్రభువు పేరు లేదు. గోల్డ్‌బెర్గ్‌కు అప్పటికి పద్నాలుగేళ్ళే. కథ బాగుంది గాని నమ్మనక్కర లేదు. సంగీత ప్రియుల మనసుకు ఉల్లాసం కలిగించడానికని ముఖపత్రం మీద బాక్ చెప్పుకున్నాడు. మనకు అది చాలు.

మొదట 'ఆరియా' అనే చిన్న నెమ్మది పాట. తరువాత దాని మీద ముప్పై రూపాలు. చివర మళ్ళీ అదే ఆరియా. మన సంగీతంలో సంగతులు వేసేటప్పుడు పల్లవి వరుసే మారుతూ పెరుగుతుంది. బాక్ చేసినది వేరు. ఆయన పై వరుసను విడిచిపెట్టాడు. కింద ఎడమ చేతిలో నడిచే ముప్పైరెండు కొలతల మంద్రస్వరాలను పట్టుకున్నాడు. ముప్పై రూపాలూ ఆ పునాది మీదనే లేచినవి. ఒకటి నాట్యం, ఒకటి పరుగు, ఒకటి కన్నీరు, పునాది ఒక్కటే.

ఇంకొక చమత్కారం ఉంది. ప్రతి మూడవ రూపంలో ఒక గొంతు పాడిన వరుసనే మరొక గొంతు కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. ఇది అర్థం కావడానికి మనకు సంగీత శాస్త్రం అక్కరలేదు. సాయంకాలం ఇంట్లో జపమాల చెప్పేటప్పుడు ఒక పక్కవారు 'మంగళవార్త జపం' ముగించకముందే రెండో పక్కవారు అందుకుంటారు కదా! రెండు గొంతులు కొంతసేపు ఒకదాని మీద ఒకటి పడతాయి. మా అమ్మమ్మ దానికి కసురుకొనేది. బాక్ అయితే ఆ పడడాన్నే ఒక శిల్పంగా చెక్కాడు. మొదట రెండు గొంతులూ ఒకే స్థాయిలో మొదలవుతాయి. తరువాతి జంటలో రెండవ గొంతు ఒక మెట్టు ఎడంగా, ఆ తరువాత రెండు మెట్లు, అలా దూరం పెరుగుతూ పోతుంది. ముప్పయ్యవ రూపంలో ఈ లెక్కనంతా వదిలేసి ఊరి జనం పాడుకొనే పాటలను కలిపి అల్లాడు. అందులో ఒకటి క్యాబేజీ, దుంపల కూర తినలేక ఇల్లు విడిచినవాడి పాట. బాక్ వంశంవారు ఏడాదికొకసారి కలిసినప్పుడు మొదట భక్తిగీతం పాడి, తరువాత ఇటువంటి అల్లరి పాటలను కలిపి పాడుకొని కడుపుబ్బ నవ్వుకొనేవారట. మన ఇండ్లలో పండుగ భోజనాల తరువాత జరిగేదీ ఇంచుమించు ఇదే.

బాక్ దీన్ని రాసినది హార్ప్సికార్డ్ అనే వాద్యానికి. అందులో మెట్టు నొక్కితే ఈక ములుకు తీగను మీటుతుంది, మన వీణను మీటినట్టు. ఎంత గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా ధ్వనిలో పెద్ద తేడా రాదు. ఆ వాద్యపు ధ్వని మీ గుడి కీబోర్డులో కూడా ఉండవచ్చు, ధ్వనుల జాబితాలో వెదకండి. పియానోలో తీగను చిన్న సుత్తి కొడుతుంది. వేలి బరువును బట్టి ధ్వని పెరుగుతుంది, తగ్గుతుంది. ఇటలీలో క్రిస్టోఫోరి అనే పనివాడు 1700 ప్రాంతంలో దీన్ని కనిపెట్టాడు. కాబట్టి బాక్‌ను పియానో మీద వాయించడం ఒక విధంగా అనువాదమే. అనువాదకుడు ఎక్కడ నమ్మకంగా ఉండాలి, ఎక్కడ స్వేచ్ఛ తీసుకోవాలి అనేదే ఇక్కడి చిక్కు.

మొదటి రికార్డు

గూల్డ్ 1932లో టొరంటోలో పుట్టాడు. మొదటి గురువు తల్లి. బాల్యంలో ఆదివారం సాయంకాల ప్రార్థనలకు వెళ్ళిన రోజులను, రంగు అద్దాలలో నుండి పడే సంధ్య వెలుగును, లోకం ఇవ్వలేని శాంతిని ఇమ్మని కోరే అక్కడి ప్రార్థనను పెద్దయిన తరువాత కూడా తలచుకొనేవాడు. పెద్దయ్యాక గుడికి వెళ్ళే మనిషి కాదు. అది దాచనక్కర లేదు.

1955 జూన్‌లో ఇరవై రెండేళ్ళ వయసులో న్యూయార్క్‌లోని కొలంబియా కంపెనీ స్టూడియోకు వచ్చాడు. ఆ స్టూడియో ఒకప్పుడు ప్రార్థనాలయంగా ఉన్న భవనం. వేసవిలో కూడా కోటు, చేతి తొడుగులు. వెంట తండ్రి కాళ్ళు కోసి పొట్టి చేసి ఇచ్చిన మడత కుర్చీ. అది నేలకు పద్నాలుగు అంగుళాల ఎత్తు మాత్రమే. దాని మీద కూర్చుంటే ముఖం దాదాపు మెట్ల దగ్గరకు వస్తుంది. మొదటి రికార్డుకు అంత కష్టమైన, అప్పటికి అంతగా ప్రచారంలో లేని రచన ఎందుకని కంపెనీవారు సందేహించారు. ఆయన వినలేదు.

1956 జనవరిలో రికార్డు బయటికి వచ్చింది. ముప్పై ఎనిమిది నిమిషాలు. బాక్ రాసిన పునరావృతాలు ఒక్కటీ వాయించలేదు. వేగమైన రూపాలు రాళ్ళ మీద దూకే ఏటి నీళ్ళలా పోతాయి. అయినా ఒక్క స్వరం కూడా మసకబారదు. కాలి మీటను బహు తక్కువగా వాడాడు. స్వరాలను ఒకదానికొకటి అంటుకోనీయకుండా విడివిడిగా పలికించాడు. అందువల్ల రెండు మూడు వరుసలు ఒకేసారి నడుస్తున్నా మూడూ విడిగా వినబడతాయి. ఎడమ చేయి కుడి చేతికి సేవకురాలు కాదు, చెల్లెలు. ఒక్కొక్కసారి అక్క కూడా! ఆ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయి, బాక్ పండితుల కోసమే అనుకొనేవారి ఇండ్లలోకి కూడా వెళ్ళింది.

వినేటప్పుడు ఒక సంగతి మిమ్మల్ని తికమక పెడుతుంది. పియానో వెనుక ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినబడుతుంది. టేపు పాడు కాలేదు, మీ ఫోనూ చెడిపోలేదు. అది గూల్డ్ గొంతే. మానుకోలేకపోయాడు. నాకైతే అది ఇష్టం. వంట చేస్తూ పాడుకొనే అమ్మ గొంతు వంటిది అది. కొందరికి చిరాకు వేస్తుంది, వారినీ తప్పు పట్టలేము.

సభ వదిలిన వాద్యకారుడు

1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్‌లో కచేరి చేసి, ముప్పై రెండేళ్ళకు ముందే గూల్డ్ సభలు మానుకున్నాడు. మళ్ళీ ఎన్నడూ వేదిక ఎక్కలేదు. మిగిలిన జీవితమంతా రికార్డింగు, రేడియో, టెలివిజన్ పనులే. సభలో వాద్యకారుడు సర్కసు మనిషి అవుతాడని, జనం పొరపాటు కోసం కాచుకొని ఉంటారని ఆయన అభిప్రాయం. స్టూడియోలో అయితే వాయించి, విని, ఆలోచించి, మళ్ళీ వాయించవచ్చు.

1966లో రాసిన ఒక వ్యాసంలో ఆయన తన రహస్యం తానే చెప్పుకున్నాడు. బాక్ రాసిన ఇరవైనాలుగు శ్రుతుల ప్రెలూడ్లు, ఫ్యూగుల మొదటి సంపుటిలోని ఒక ఫ్యూగును పలుమార్లు వాయించాడు. ఆరవసారి వాయించినదీ, ఎనిమిదవసారి వాయించినదీ తప్పులు లేకుండా వచ్చాయి. కొన్ని వారాల తరువాత విని చూస్తే ఒకటి మరీ గంభీరం, ఇంకొకటి మరీ ఉల్లాసం. రెండూ విడిగా వింటే విసుగు. అప్పుడు మొదలు, చివర ఆరవదాని నుండి, మధ్యభాగం ఎనిమిదవదాని నుండి తీసి టేపును అతికించాడు. ఫలితం రెండింటికంటే మేలైనది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఇది మోసమా? మా ఇంట్లో దీని మీద వాదన జరిగింది. మా పెద్దవాడు "వాయించనిదాన్ని వాయించినట్టు చూపడం అబద్ధమే నాన్నా" అన్నాడు. నాకు అలా తోచదు. గురువులు ఆదివారం ప్రసంగాన్ని శనివారం రాత్రి కొట్టివేసి తిరిగి రాసుకుంటారు. ఆ కొట్టివేతలు మనకు చూపకపోవడం అబద్ధం కాదు. గూల్డ్ తాను అతికించానని దాచలేదు, రాసి మరీ చెప్పాడు. రికార్డు సభకు ఫోటో కాదు. అది వేరే రకం వస్తువు, పుస్తకం వంటిది.

కాని మా వాడి మాటలో మరొక నిజం ఉంది. దాన్ని తోసివేయలేను. సంగీతం మనుషుల మధ్య పుట్టేది. తప్పు దొర్లే అవకాశం ఉన్నచోట, ఎదుటివారి ఊపిరి వినబడేచోట పుట్టేది. గూల్డ్ సభను వదలి రికార్డును బాగు చేసుకున్నాడు. ఏమి పోగొట్టుకున్నాడో ఆ రికార్డులో వినబడదు.

ఈ తేడా మనకు బాగా తెలియవలసిన కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక విచారణలో పండుగ పూజకు వెళ్ళాను. దివ్యసత్ప్రసాదం పంచే సమయానికి గాన బృందం నిలబడి ఉన్నది, నోళ్ళు కదులుతున్నాయి. మంచి పాటే వినబడింది, కాస్త ఎక్కువ మంచిగానే. మధ్యలో కరెంటు పోయింది. పాట కూడా పోయింది. పెన్‌డ్రైవ్‌లో నుండి వస్తున్న పాట అది! ఒక్క క్షణం నిశ్శబ్దం. తరువాత ముందు వరుసలోని ముసలమ్మ ఒకామె పాత సత్ప్రసాద గీతం ఎత్తుకుంటే గుడి అంతా అందుకున్నది. శ్రుతి ఒకరిది ఒకరికి కలవలేదు. అయినా ఆ రోజు నేను విన్న పాట అదే.

శ్రీసభ ఈ సంగతి ముందే చెప్పింది. 1958 సెప్టెంబరు 3న రోము నుండి వెలువడిన పవిత్ర సంగీత ఆదేశపత్రం గ్రామఫోను, టేపు వంటి తమంతట తాము మోగే యంత్రాలను దైవార్చన సంగీతానికి వాడరాదన్నది. ప్రసంగం అందరికీ వినబడటానికి మైకు వాడవచ్చు. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఇచ్చిన దైవార్చన శాసనం పైపు ఆర్గన్‌ను గౌరవించి, తగిన ఇతర వాద్యాలకు కూడా తలుపు తెరిచింది. ఆ తలుపు వాయించే మనుషులకు తెరిచినది. ఇంట్లో గూల్డ్ రికార్డు వినడానికి దేనికీ అడ్డు లేదు. గుడిలో ఆయన రికార్డు కంటే మీ అబ్బాయి తప్పుల వాయిద్యమే సరైనది.

రెండవ రికార్డు

1981లో గూల్డ్ అదే స్టూడియోకు తిరిగి వచ్చాడు. వయసు నలభై ఎనిమిది. ఒకసారి వాయించి రికార్డు చేసినదాన్ని మళ్ళీ చేయడం ఆయనకు అలవాటు లేదు. ఈ రచనకు మాత్రం ఆ నియమం సడలించాడు. బ్రూనో మోన్‌సంజాన్ అనే ఫ్రెంచి దర్శకుడు దాన్ని చలనచిత్రంగా కూడా తీశాడు. కాళ్ళు కోసిన ఆ కుర్చీ అందులో కనబడుతుంది. కూర్చునే గుడ్డ ఎప్పుడో పోయింది, చట్రమే మిగిలింది.

ఈసారి యాభై ఒక్క నిమిషాలు. నర్సీపట్నంలో బస్సు ఎక్కినవారు తుని చేరేలోగా ఇంచుమించు పూర్తవుతుంది. కొన్ని పునరావృతాలు వాయించడం వల్ల కొంత, నెమ్మది వల్ల కొంత నిడివి పెరిగింది. తేడా మొదటి పాటలోనే తెలిసిపోతుంది. యువకుడు ఆరియాను రెండు నిమిషాల లోపే ముగించాడు. పెద్దవాడు దాదాపు మూడు నిమిషాలు తీసుకున్నాడు. ప్రతి స్వరాన్ని కింద పెట్టే ముందు చేతిలో తూచి చూసినట్టుంటుంది.

అయితే 'యువకుడు వేగం, పెద్దవాడు నెమ్మది' అని రాసుకొని పుస్తకం మూసేయకండి. ఇరవై అయిదవ రూపం అన్నిటికంటే దుఃఖమైనది. 1933లోనే ఈ రచనను హార్ప్సికార్డ్ మీద రికార్డు చేసిన వాండా లాండోవ్‌స్కా దాన్ని నల్ల ముత్యం అన్నది. దాన్ని గూల్డ్ యువకుడిగా ఉన్నప్పుడే మరింత నెమ్మదిగా వాయించాడు. పెద్దయ్యాక ఆ పాత వాయిద్యాన్ని విని, భావం చూపించే ఉబలాటం ఎక్కువైందని తనను తానే విమర్శించుకున్నాడు. దుఃఖానికి ఎక్కువ అలంకారం అక్కరలేదని తెలియడానికి వయసు కావాలేమో! రెండవసారి ఆ రూపంలో ఏడుపు లేదు, కళ్ళు తుడుచుకున్న తరువాతి ముఖం ఉన్నది. నాకు ఆ రెండవదే ఎక్కువ నచ్చింది. మిగిలినవాటిలో చాలాచోట్ల మొదటి రికార్డునే కోరుకుంటాను.

రెండవ రికార్డులో ఆయన చేసిన అసలు పని లయలో ఉన్నది. ముప్పై రూపాలు ముప్పై విడి ముక్కలుగా ఉండకూడదని, అన్నిటి అడుగున ఒకే నాడి కొట్టుకోవాలని అనుకున్నాడు. ఒక రూపం నుండి మరొకదానికి పోయేటప్పుడు వేగం లెక్క ప్రకారం మారుతుంది. మన సంగీతం నేర్చినవారికి ఇది కొత్త కాదు. చేతి తాళం మారకుండానే మొదటి కాలం, రెండవ కాలం, మూడవ కాలం పాడతాం కదా! అలాగే.

రికార్డు 1982 సెప్టెంబరులో విడుదలైంది. ఆ నెల 25న గూల్డ్‌కు యాభై ఏళ్ళు నిండాయి. రెండు రోజులకు పక్షవాతం వచ్చింది. అక్టోబరు 4న కన్నుమూశాడు. టొరంటోలో ఆయన సమాధి రాయి మీద ఆరియా మొదటి కొలతల స్వరాలు చెక్కారు.

ఇంకొక ముచ్చట పిల్లలకు చెప్పండి. 1977లో అమెరికావారు పంపిన వాయేజర్ అంతరిక్ష నౌకలలో భూలోకపు ధ్వనులతో ఒక బంగారు పూత రికార్డు పెట్టారు. గూల్డ్ వాయించిన బాక్ ప్రెలూడ్, ఫ్యూగు అందులో ఉన్నాయి. అదే రికార్డులో మన దేశం తరఫున కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం ఉన్నది. నౌకలు రెండూ సూర్యుని ప్రభావ మండలాన్ని దాటిపోయాయి. జారే స్వరం, మెట్ల స్వరం ఒకే పళ్ళెంలో ప్రయాణం చేస్తున్నాయి. మన వైపు కూడా ఈ రెండింటినీ కలిపినవారున్నారు. ఇళయరాజాగారు 1986లో త్యాగరాజస్వామికి, బాక్‌కు అంకితమిచ్చి ఒక వాద్య సంగీత ఆల్బమ్ చేశారు. మీ ఇంట్లో దాని క్యాసెట్టు ఇంకా ఉన్నా ఉండవచ్చు.

ఈ వారం అభ్యాసం

గూల్డ్ రెండు రికార్డులూ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. రాత్రి జపమాల అయిన తరువాత మొదట 1955 ఆరియా, వెంటనే 1981 ఆరియా వినండి. రెండూ కలిపి అయిదు నిమిషాలు. పిల్లలను ఏది బాగుందని అడగండి, మీరు ముందు చెప్పకండి. రెండవ రాత్రి అదే పాటను కింది స్వరాల మీదనే మనసు పెట్టి వినండి. చిన్న స్పీకరు ఉంటే పెట్టండి, ఫోనులో మంద్రం సరిగా వినబడదు. మూడవ రాత్రి మొదటి రూపం వినండి. రెండు చేతులూ ఒకదానినొకటి తరుముకుంటాయి. ఎవరు ముందున్నారో పిల్లలు చేతులెత్తి చెప్పాలి. నల్ల ముత్యాన్ని మాత్రం దీపం తగ్గించి, మాట్లాడకుండా వినండి.

కీబోర్డు వాయించే బాలబాలికలకు ఒక పని. మీకు బాగా వచ్చిన సత్ప్రసాద గీతం ఒకటి తీసుకోండి. స్టైల్ మీట ఆపేయండి. కుడి చేయి ఒడిలో పెట్టుకొని, పాటకు కింద నడవగల స్వరాలను ఎడమ చేతితో ఒక్కొక్కటిగా వెదకండి. పల్లవికి నాలుగు స్వరాలు దొరికితే చాలు. మా అబ్బాయికి మూడు వారాలు పట్టింది. మొన్న సాధనలో ఆ నాలుగు స్వరాలు వాయిస్తుంటే వెనుక బెంచీలోని వాళ్ళ నాన్న "ఇదేం పాట్రా, కొత్తదా?" అని అడిగాడు. "పాతదే నాన్నా, అడుగు భాగం" అన్నాడు వాడు.